ఎడమకాలి పావుకోడు

కంకణపురమని ఒక రాజ్యం ఉండేదట. దాన్నేలే రణధీరభూపతికి గర్వకారణాలు రెండు. ఒకటి తన బుద్ధి, రెండోది తన పట్టపుటేనుగు భద్రగిరి. చనిపోయిన తాతగారే ఏనుగై పుట్టారని ఆయన గట్టి నమ్మకం. రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి దండం పెట్టుకునేవాడు. అది చెవులాడిస్తే ఆశీర్వాదమనుకుని మురిసిపోయేవాడు.

ఖజానా నింపుకోడానికి ఆయన ఒక పందెం పెట్టించాడు. రూక కట్టిన ప్రతివాడి పేరూ ఒక కొయ్యబిళ్ళ మీద చెక్కి గంగాళంలో వేస్తారు. పౌర్ణమి నాడు భద్రగిరి తొండం పెట్టి ఒక బిళ్ళ తీస్తుంది. ఆ పేరుగలవాడికి గంపెడు వరహాలు. మనుషులు తీస్తే మోసం జరుగుతుందిగానీ తాతగారు తీస్తే ఎందుకు జరుగుతుందని రాజుగారి ఆలోచన. పైగా ఒక శాసనం కూడా వేయించాడు: తొండం పొరబడిందన్నవాడి తల తీయించబడును.

ఈ పందేన్ని కనిపెట్టి చూసే పని ఆస్థానంలోని విదూషకుడు చెన్నుభట్టు నెత్తిన పడింది. ఊరికే పడలేదు, కోరి తెచ్చుకున్నాడు. ఒకనాడు కొలువులో నోరు ఊరుకోక, "ఏనుగుని చూసుకోడానికి మావటివాడున్నాడు. పందేన్ని చూసుకోడానికి ఎవరున్నారు ప్రభూ?" అన్నాడు.

"నువ్వున్నావుగా" అన్నాడు రాజు.

కొలువంతా నవ్వింది, భట్టు తప్ప. ఏనుగు తెచ్చిచ్చిన బిళ్ళ మీది పేరు చదివి, పందెం సక్రమంగా జరిగిందని ముద్ర వేయడం ఆనాటి నుంచి అతని పని.

మొదటిసారి కోశాధికారి నాగదేవుడి బావమరిది గెలిచాడు. రెండోసారి ఆయన వియ్యంకుడు గెలిచాడు. గంగాళం ఉండేదీ నాగదేవుడి దగ్గరే. జనం గొణగడం మొదలుపెట్టారు. భట్టు బజారుకి వెళితే కూరగాయలమ్మే ఆవిడ ముఖం తిప్పుకుంది.

"ముద్ర వేసింది నువ్వేగదయ్యా. మా ఇంటిల్లిపాదీ రూకలు కట్టాం" అంది.

భట్టుకి ఇక వంకాయలు బేరమాడే ముఖం లేకపోయింది. ఉత్త సంచీతో ఇంటికొచ్చాడు. వచ్చీ రాగానే భార్య పేరిందేవమ్మ గోడగూటి వైపు చూపించింది.

"ఏమండీ, ఆ కొయ్యబిళ్ళ తెచ్చి ఇక్కడెందుకు పెట్టారు? గూడంతా చీమలు."

ముద్ర వేశాక భట్టు దగ్గరే ఉండిపోయిన, మొన్న గెలిచిన బిళ్ళే అది. భట్టు చీమలు దులిపి దాన్ని నాలిక్కి తగిలించి చూశాడు. తియ్యగా ఉంది. తొండం గంగాళంలో ఎక్కడా తడుముకోకుండా సూటిగా ఎందుకు దిగిందో అప్పుడర్థమైంది. అక్కడే కూలబడ్డాడు.

"రాజుగారితో చెప్పెయ్యండి" అంది ఆవిడ.

"ఏమని? మీ తాతగారు బెల్లానికి అమ్ముడుపోయారనా? మాట పూర్తయ్యేలోగా తల ఉండదు."

"పోనీ ఊరుకోండి."

"నేను ఊరుకుని మళ్ళీ ముద్ర గుద్దితే ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? నాకు భయంగా ఉందే."

ఆవిడ విస్తరి వేసింది. అన్నం పెట్టింది గానీ అతనికి ముద్ద దిగలేదు. విస్తరి ముందు కూర్చుని ఆ చీమల బారునే చూస్తూ ఉండిపోయాడు.

పౌర్ణమి పొద్దున కోట ముందు ఇసకేస్తే రాలనంత జనం. భట్టు పిడికిట్లో బెల్లపుగడ్డ ఉంది. అరచేతుల చెమటకి అది కరిగి వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. తాతగారి ఎదుట పాదరక్షలతో నిలబడకూడదని రాజు మెట్టు దగ్గరే చందనపు పావుకోళ్ళు విడిచి వేదికెక్కాడు. భట్టు వంగి వాటిని వినయంగా సర్దాడు. ఆ సర్దడంలో బెల్లమంతా ఎడమదానికి పట్టించేశాడు.

భద్రగిరి వచ్చింది. తొండం చాచి గంగాళం మీదికి పోనిచ్చింది. అయిపోయానని భట్టు అనుకున్నాడు. పొద్దున పేరిందేవమ్మతో మరి నాలుగు మాటలు మాట్లాడి రావలసిందని ఇప్పుడు అనిపించింది. అంతలో తొండం ఆగింది. గాలి వాసన చూసింది. మెల్లగా మెట్టు వైపు తిరిగి, ఎడమకాలి పావుకోడు తీసి, ఓసారి చప్పరించి, అలవాటు ప్రకారం తెచ్చి భట్టు చేతిలో పెట్టింది.

భట్టు గొంతు సవరించుకున్నాడు. "ఈ పౌర్ణమి పందెం గెలిచినవారు శ్రీవారి ఎడమకాలి పావుకోడు."

జనానికి నవ్వాలో వద్దో తెలియలేదు. రాజు ముఖం కందగడ్డయింది.

"ఏమిటా కూత? ఏనుగు పొరబడింది."

భట్టు చెవులు మూసుకున్నాడు. "ప్రభూ, ఆ మాటన్నవాడి తల తీయించాలని తమ శాసనం. నేను విననేలేదు."

వేదిక అవతలి కొసన నిలబడ్డ నాగదేవుడు ఉండబట్టలేక, "ఇదంతా ఈ భట్టు పన్నాగం ప్రభూ. పావుకోడుకి బెల్లం పూశాడు" అని అరిచాడు.

"పూసింది నేనే, ఒప్పుకుంటున్నాను" అన్నాడు భట్టు. "కానీ అయ్యా, చూసేవాళ్ళకి అది మట్టిలా ఉంటుంది. అంత దూరం నుంచి బెల్లమని తమకెలా తెలిసింది?"

రాజు పావుకోడు తీసుకుని వాసన చూశాడు, నాగదేవుణ్ణి చూశాడు, గంగాళం బోర్లించమన్నాడు. తెల్లగుడ్డ మీద బిళ్ళలన్నీ పరిచారు. కాసేపటికి చీమలొచ్చాయి. అన్నిటినీ దాటుకుంటూ పోయి ఒక్క బిళ్ళనే కమ్ముకున్నాయి. దాని మీద నాగదేవుడి అల్లుడి పేరుంది.

రాజు ఆ పేరు చదువుకుని తల వంచుకున్నాడు. భట్టు కళ్ళు మూసుకున్నాడు. తీరా చూస్తే రాజుగారి భుజాలు కదులుతున్నాయి, నవ్వుతున్నాడు.

"సందేహం లేదు, మా తాతగారే" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఆయన బతికున్నన్నాళ్ళూ మా అవ్వ బెల్లం కుండ దాచలేక చచ్చేది."

నాగదేవుణ్ణి చెరసాలకి పంపించారు. అతనివాళ్ళు గెలిచిన సొమ్ము కక్కించారు. బిళ్ళలన్నీ చింతపండుతో తోమించి మళ్ళీ గంగాళంలో వేశారు. ఈసారి తొండం లోపల చాలాసేపు తడుముకుని ఒక బిళ్ళ తీసింది. ఎవరో చాకలి మల్లి పేరట. జనం ఈలలు వేశారు. భట్టు నెమ్మదిగా ముద్ర వేశాడు.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"ఆ శాసనం తీసెయ్యండి ప్రభూ. అనుమానపడే వీలే లేనివాణ్ణి కాపలా పెడితే ఏం లాభం?"

"తియ్యక తప్పుతుందా? లేకపోతే ముందు పోయేది నా తలేగా" అంటూ రాజు మళ్ళీ నవ్వి, వరహాల సంచీతోపాటు ఆ పావుకోళ్ళ జత కూడా భట్టుకే బహుమానం ఇచ్చేశాడు.

ఆనాటి నుంచి పందెం రోజున రాజుగారు కోటలోంచే ఉత్తకాళ్ళతో బయల్దేరేవారట.