వరహాలమ్మ పారిజాతం

అనగనగా, గోదారి సముద్రంలో కలిసే చోటికి దాపున ఒక ఊళ్ళో వరహాలమ్మ అని, లేసు అల్లే ఆవిడ ఉండేది. ఎవరో కాదమ్మలూ, నా మేనత్తే. దుప్పటి కప్పుకో, చెప్తాను. మధ్యలో నా గొంతు లేస్తే బెదిరిపోకు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. దేవుడు క్షమిస్తాడులే.

ఏజెంటు నూకరాజు ఊళ్ళో ఆడవాళ్ళకి దారం ఉండలు ఇచ్చేవాడు. వాళ్ళు కొక్కెం సూదితో లేసు అల్లి ఇస్తే, పై దేశాలకి పంపేవాడు. ఒక్కో ఉండ మీద చిన్న కాగితం, దాని మీద ఇంగ్లీషు. అందరూ ఆ కాగితం పారేసేవారు. వరహాలమ్మ దాచుకునేది. రోజంతా నా చేతిలో ఉండే వస్తువు మీద ఏం రాశారో నాకే తెలియకపోతే ఎలా, అనుకుంది.

అప్పుడు ఆ కాగితాలు పట్టుకుని పోస్టు మాస్టరు గారి దగ్గరికి వెళ్ళింది. "లేసు అల్లుకునేదానికి ఇంగ్లీషెందుకే? దొరలతో వియ్యమందుతావా?" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే అక్షరాలు చెప్పాడు. ఆవిడ ఆయన నవ్వుని అక్కడే వదిలేసి అక్షరాలు తెచ్చుకుంది.

ఆ తర్వాత రేవు దాటించే పంటు పడవ మీద, టిక్కెట్లిచ్చే ఆయనతో, "గుడ్ మార్నింగ్ సార్, వన్ టికెట్ ప్లీజ్" అంది. "ఏవండోయ్, దొరసాని గారికి చోటివ్వండి!" అని పంటు పంటంతా గొల్లున నవ్వింది. మర్నాడూ అదే మాట అంది. ఆ మర్నాడూ అంది.

ఆ తర్వాత ఊరి ఆస్పత్రికి కేరళ నుంచి మరియక్కుట్టి అనే నర్సు వచ్చింది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి మలయాళం రాదు. ఇద్దరికీ అరకొర ఇంగ్లీషే దిక్కు. ఆ నర్సమ్మ ఒక్కతే నవ్వలేదు. తన దగ్గరున్న పాత లేసు అల్లికల పుస్తకం ఇచ్చింది. అందులో కథలా, కబుర్లా? చైన్, జాయిన్, టర్న్, రిపీట్, అంతే. వరహాలమ్మ దాన్నే పొయ్యి దగ్గర పెట్టుకుని పైకి చదివేది. అట్టు తిప్పుతూ "టర్న్" అనేది. పిల్లలకి రెండో ముద్ద పెడుతూ "రిపీట్" అనేది.

ఒక కార్తీకంలో, తెల్లారగట్ల పూజకి పారిజాతాలు ఏరుతుంటే, ఆవిడ మనసులో ఒక అల్లిక మెదిలింది. ఆరు రేకుల పువ్వు. ఎన్నిసార్లు విప్పిందో, ఎన్నిసార్లు అల్లిందో! చివరికి దేవుడి పటానికని ఒక గుడ్డ పూర్తయింది. నూకరాజు చూశాడు. "నమూనాకి తీసుకెళ్ళి ఇచ్చేస్తాను" అన్నాడు. ఇస్తే కదా!

అప్పుడు పై దేశం నుంచి లేసు కొనే దొరసాని ఒకావిడ వచ్చింది. ఆడవాళ్ళందర్నీ చాప మీద కూర్చోబెట్టి, నూకరాజు ఇంగ్లీషులో మొదలెట్టాడు. వాళ్ళకి అర్థం కాదని కదా ధైర్యం!

"వీళ్ళు తీరుబడిగా, కాలక్షేపానికి అల్లుతారు" అన్నాడు. తీరుబడిట! గేదెకి గడ్డి వేసి, పిండి రుబ్బి, బిడ్డని ఒళ్ళో పడుకోబెట్టుకుని, కళ్ళు మండేదాకా అల్లితే తీరుబడా? వరహాలమ్మ పళ్ళు బిగించింది.

"వీళ్ళకి అక్షరం ముక్క రాదు" అన్నాడు. వరహాలమ్మ కొంగు నలిపింది.

అప్పుడు ఆ పారిజాతం గుడ్డ తీసి, "ఈ పువ్వు నా బుర్రలో పుట్టింది" అన్నాడు.

వరహాలమ్మ లేచి నిలబడింది.

"నో, మేడమ్. మై ఫ్లవర్."

"కూర్చోవే!" అన్నాడు నూకరాజు. ఆవిడ కూర్చోలేదు. వచ్చిన ఇంగ్లీషేమో ఇంత. ఆ ఇంతే చాలింది. "సిక్స్ చైన్. జాయిన్. టర్న్..." అంటూ పువ్వు పుట్టిన వరసంతా చెప్పుకుపోయింది. దొరసానికి అల్లిక వచ్చు. ఒక్కో మాటకీ ఒక్కో ముడి మీద వేలు జరుపుతూ వచ్చింది. సగం రేకు దగ్గర వరహాలమ్మని ఆగమని, నూకరాజు వైపు తిరిగి, "తర్వాత ఏమిటి?" అంది.

ఆయన దూలాల వంక చూశాడు. తర్వాత ఏమిటో దూలాలు చెప్తాయా?

దొరసాని గుడ్డ మడిచి వరహాలమ్మ చేతిలో పెట్టి, పేరడిగి పుస్తకంలో రాసుకుంది.

అక్కడితో అయిపోతే బాగుండును. మర్నాడు నూకరాజు అందరికీ దారం ఇచ్చాడు, వరహాలమ్మకి తప్ప. "ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకి దారమెందుకు?" అన్నాడు. నిజం చెప్పినందుకు పొయ్యి మీదికి లేకుండా చేస్తాడా!

అప్పుడు పక్కింటి సుభద్ర తన ఉండలు తిరిగిచ్చేసింది. ఆ తర్వాత ఆవిడ తోడికోడలు ఇచ్చేసింది. ఆ తర్వాత వీధి వీధంతా ఇచ్చేసింది. పది రోజులు ఊళ్ళో ఒక్క సూదీ కదల్లేదు.

పదకొండో రోజు నూకరాజు దారం సంచీ మోసుకుని వరహాలమ్మ గుమ్మంలోకి వచ్చాడు. వీధిలో వాళ్ళంతా చేరారు.

"ఈ పువ్వు ఎవరు అల్లారండీ?" అంది వరహాలమ్మ మెల్లగా.

"నువ్వే" అని గొణిగాడు.

"రిపీట్."

"వరహాలమ్మే."

"రిపీట్, ప్లీజ్."

"వరహాలమ్మ గారే అల్లారు!" అని వీధి చివరికి వినబడేలా అన్నాడు. పోస్టు మాస్టరు గారు కూడా విన్నాడుట!

అదిగో, మన దేవుడి పటం మీద ఉన్నది ఆ గుడ్డే. పొద్దున్నే దణ్ణం పెట్టేటప్పుడు రేకులు లెక్కపెట్టుకో. ఆరుంటాయి. ఇంక కళ్ళు ముయ్యి.

పారిజాతం పటం మీదికి,
మన కథ కంచి బాట మీదికి,
కమ్మని కునుకు నీ కంటి మీదికి!