కప్ప నోట్లో పడని గుండు

“ఏ దిక్కున భూమి కంపిస్తే, మర్నాటికల్లా ఆ దిక్కుకు ధాన్యం బండ్లు కదులుతాయి. ఇది ప్రభువుల మాట!”

చీనా దేశపు పడమటి కొండల్లో, వంకరవాగు అనే ఊళ్లో, డప్పు వేసి మరీ చెప్పారీ మాట. రాజధానిలో గాదంత కంచు కూజా ఒకటి చేయించారట. దాని చుట్టూ దిక్కుకొకటి చొప్పున ఎనిమిది డ్రాగన్లు. ఒక్కో డ్రాగన్ నోట్లో ఓ గుండు, కింద నోరు తెరుచుకుని ఓ కప్ప. ఎంత దూరాన నేల అదిరినా సరే, ఆ దిక్కు డ్రాగన్ టంగుమని గుండు వదిలేస్తుందట.

ఆ ఊరి తావ్ ఆ మాట బట్టీపట్టేశాడు. వాడూ, అన్న చెన్, వదిన మెయ్, ముగ్గురికీ తమ తెలివంటే మహా గర్వం. “విన్న మాటకి సొంత బుర్ర కలిపేవాడు మూర్ఖుడు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కలపలేదు,” అనేవాడు తావ్.

ఓ రోజు భూమి కంపించింది. ఊళ్లో ఒక్క గోడ మిగల్లేదు. డప్పువాడు పరుగున వచ్చి, “బండ్లు వస్తాయి, ఖాళీ గోతాలతో సిద్ధంగా ఉండండి!” అని కేకేసి పోయాడు.

“మన గోతాలు ఖాళీగా లేవే!” అంది మెయ్ కంగారుగా.

అంతే. ఊరందరికీ మిగిలిన కొర్రలన్నీ ముగ్గురూ కలిసి వాగులో పోసి, గోతాలు దులిపి పెట్టారు.

బండ్లు రాలేదు. ఊరు ఆకులు ఉడకేసుకుని తింటోంది. తావ్‌కి ఒళ్లు మండింది. “ధాన్యం మా హక్కు! ఆకలికి వాయిదాలు లేవు!” అని అరుస్తూ అన్నావదినల్ని వెంటబెట్టుకుని రాజధానికి నడిచాడు.

కూజా పక్కన అధికారి చల్లగా కూర్చుని ఉన్నాడు. “పడమటి గుండు పడలేదు. అంటే అక్కడ భూమి కంపించలేదు. మీ ఇల్లు నిక్షేపంగా ఉంది.”

చెన్ ఆనందంతో ఏడ్చేశాడు. “విన్నావుటే మెయ్! మన ఇల్లు నిలబడే ఉందట!”

“మరి నన్ను ఇన్నాళ్లూ గాడిద పక్కన ఎందుకు పడుకోబెట్టావయ్యా?” అని మొగుణ్ణి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది మెయ్.

తావ్ మాత్రం వదల్లేదు. “దొరగారూ, మరి మాకు ధాన్యం?”

“నేల కదిలితే కదా గుండు పడేది! చేతనైతే నువ్వే కదుపు,” అని నవ్వాడు అధికారి.

ఇంకేముంది! ముగ్గురూ కూజాని కావలించుకుని ఊపారు. టంగు, టంగు, టంగుమని గుండ్లు రాలాయి. బయట బండ్లవాళ్లు చప్పుడు విన్నారు, ప్రభువుల మాట ప్రకారం ఎడ్లు కట్టారు, కడుపునిండా తిని కూర్చున్న ఏడు దిక్కులకీ ధాన్యం తోలుకుపోయారు. పడమటి గుండు ఒక్కటే పడలేదు.

తావ్ ఆ డ్రాగన్ నోట్లోకి తొంగి చూశాడు. గుండు చుట్టూ ఎర్రగా, గట్టిగా, ఎవరో కాచి పోసినట్టు లక్క.

“అయ్యో, చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది!” అంది మెయ్.

“పాపం, పంటినొప్పితో వదల్లేకపోతోంది,” అన్నాడు చెన్.

అధికారి లక్క గిన్నెని గబుక్కున వీపు వెనక్కి దాచాడు. వేళ్లు ఎర్రగా ఉన్నాయి. తావ్ ఆ వేళ్లని చూశాడు, వీపు వెనక నుంచి తొంగిచూస్తున్న గిన్నెని చూశాడు. పిడికిలి బిగించి సూటిగా అతని ముందుకొచ్చి నిలబడ్డాడు. అధికారికి ముచ్చెమటలు పోశాయి.

“అయ్యా, కాస్త తప్పుకోండి. మీతో మాకేం గొడవ లేదు,” అన్నాడు తావ్.

అధికారి తప్పుకున్నాడు. తావ్ ఆ పడమటి డ్రాగన్ కింది కంచు కప్ప ముందు చతికిలబడి, దాని మొహానికి వేలు చూపించాడు.

“మా ఊరి తిండి సంగతేంటో తేల్చు! నోరు తెరిచినంత మాత్రాన సరిపోదు, మాట్లాడాలి! ఇదే ఆఖరి గడువు. తొమ్మిదో నెల తొమ్మిదో తేదీ, పొద్దుగూకే లోపు నువ్వు జవాబు చెప్పి తీరాలి!”