మందుల మూటకు రెక్కలు

పూర్వం ఓ కొండరాజ్యంలో, గూడేలకు మందులు మోసే ఎర్రక్కకు మంత్రి కొత్తగా చేయించిన యంత్రపక్షిని చూసినప్పటినుంచీ అనుమానమే. మంత్రి సోమదత్తుడు దాన్ని కోట మైదానంలో రెండుసార్లు ఎగరేసి చూపించాడు. రెండుసార్లూ దాని కాళ్లకు కట్టింది ఖాళీ సంచే. ఆ పూటల్లో మైదానంలో గాలి కూడా వీచలేదు.

"ఇకపై మందులన్నీ ఇదే మోస్తుంది ప్రభూ! మోతగాళ్లతో పనిలేదు" అన్నాడు మంత్రి. రాజు తలూపబోయాడు.

జ్వరంతో పడివున్న గూడెం పిల్లలు ఎర్రక్క కళ్లలో మెదిలారు. ఆమె ముందుకొచ్చి మంత్రికి దండం పెట్టింది.

"మంచిమాట దొరా. ఈ పూట మందు దీంతోనే పంపండి. కాకపోతే ఆకాశంలోంచి దిగిన మందును మావాళ్లు నమ్మరు. తమరి ముద్ర ఉంగరం కూడా మూటలో వేస్తే, ఏలినవారు పంపిందేనని తాగుతారు. ఉంగరం రేపు నేనే తెచ్చిస్తాను."

ఉంగరమున్న మంత్రి చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. "ఇది మా తాతలనాటిది! కొండమీద గాలెక్కువ. ఎక్కడ పడిపోతుందో ఏమో!"

"మందుకు లేని గాలి ఉంగరానికి ఎలా వచ్చింది దొరా?" అంది ఎర్రక్క.

రాజు మంత్రి వంక అదోలా చూసి, మందుల మూటను తానే ఎత్తి ఆమె తలమీద పెట్టాడు.

"ఆ ఉంగరం ఎగిరిన రోజున నీ పక్షి సంగతి చూద్దాంలే" అన్నాడు.