మోగని సైరన్

అనగనగా ఒక అడవి. ఆ అడవి మొత్తానికి ఒక్కటే కంప్యూటర్. వాగు పక్క గుహలో దాన్ని చూసుకునే పని చురుకయ్య అనే ముంగిసది. ఏనుగుల స్నానాల వంతులు, తేనెటీగల పూల మ్యాపు, వాగు పొంగితే మోగే సైరన్, అన్నీ చిలకభాష అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములే. వాగు గట్టున బొరియలో చురుకయ్య పిల్లలు ముగ్గురూ ఆ సైరన్‌ని నమ్ముకునే నిద్రపోయేవారు.

ఒకరోజు నెమలి వచ్చింది. "చురుకయ్యా, నా డాన్స్ ప్రోగ్రాం నడవట్లేదు. దానికి చిలకభాష కొత్త వెర్షన్ కావాలట" అంది.

చురుకయ్య వెంటనే కొత్తది పెట్టేశాడు. తెర మీద నెమలి బొమ్మ గంతులేసింది.

"ఇక పాత వెర్షన్ దేనికి? తీసేస్తా" అన్నాడు.

గుహ మూలన పడుకున్న తాబేలు తాత చిప్పలోంచి తల బయటకి పెట్టాడు. "తొందరపడకురా. పాత ప్రోగ్రాముల మాట కొత్త వెర్షన్‌కి అర్థం కాదు. రెండూ ఉంచు. ఏ ప్రోగ్రాంకి ఏది కావాలో దానికి అది చూపించు."

"రెండేసి పెట్టుకుని ఎవరు చాకిరీ చేస్తారు తాతా? కాలంతో పాటు మారాలి" అని చురుకయ్య పాతదాన్ని తుడిచేశాడు. ఇంత తెలివి తనకి తప్ప ఇంకెవరికుందని కూడా అనుకున్నాడు.

మర్నాడు ఏనుగు వచ్చింది. "వంతులు కనపడట్లేదయ్యా. అందరం ఒకేసారి దిగి తోసుకుంటున్నాం" అంది.

"వంతు లేకపోతే ఒళ్ళు తడవదా?" అన్నాడు చురుకయ్య.

తర్వాత తేనెటీగ వచ్చింది. "మ్యాపు తెరుచుకోవట్లేదు" అంది.

"పూలెక్కడున్నాయో మీకు ఒకరు చెప్పాలా?" అన్నాడు.

సైరన్ గురించి మాత్రం ఎవరూ రాలేదు. వరద లేని రోజున బాగున్న సైరనూ మోగదు, పాడైన సైరనూ మోగదు. ఫిర్యాదులు రెండే వచ్చాయని చురుకయ్య మురిసిపోయాడు.

ఓ మధ్యాహ్నం పై కొండల్లో పెద్ద వాన కురిసింది. చురుకయ్య తెర మీద డాన్స్ చూస్తూ తాళం వేస్తున్నాడు. కాళ్ళు తడిశాక కిందకి చూశాడు. వాగు నీళ్ళు గుహలోకి వచ్చేశాయి. పడుతూ లేస్తూ గట్టుకి పరిగెత్తాడు. బొరియ అప్పటికే మునిగిపోయింది. "నా పిల్లలు" అంటూ కూలబడ్డాడు.

"ఇక్కడున్నారులే" అంది ఏనుగు. దాని తొండంలో ముగ్గురూ వణుకుతున్నారు. "వంతుల గురించి నీతో మళ్ళీ పోట్లాడదామని వస్తుంటే వీళ్ళ ఏడుపు వినపడింది."

చురుకయ్య పిల్లల్ని గుండెకి హత్తుకున్నాడు. "సైరన్ ఎందుకు మోగలేదు?" అని ఏడ్చాడు.

"దానికి మోగమని చెప్పే భాషని నువ్వే తుడిచేశావు కదరా" అన్నాడు తాబేలు తాత.

చురుకయ్య పాత వెర్షన్‌ని మళ్ళీ తెచ్చి కొత్తదాని పక్కన పెట్టాడు. ఒక్కో ప్రోగ్రాంకీ దాని వెర్షన్ ఏదో విడిగా చెప్పాడు. నిజంగానే అది చాకిరీ.

కొన్నాళ్ళకి నెమలి మళ్ళీ వచ్చింది. "ఇంకా కొత్త వెర్షన్ వచ్చిందట. పాతవి తీసేస్తావా?" అని అడిగింది.

"ఆగమ్మా, ముందు సైరన్ మోగించి చూడనీ" అన్నాడు చురుకయ్య.

నీతి: పాతదాన్ని తీసేసే ముందు దాన్ని నమ్ముకున్నవాళ్ళెవరో కనుక్కోవాలి. ఒక్కోసారి వాళ్ళు మన ఇంట్లోనే ఉంటారు.