సొట్టల ఉగ్గుగిన్నె

అనగనగా ఒక శ్రావణ మాసంలో, రెండవ బుధవారం పొద్దున సరిగ్గా ఎనిమిది గంటలకు, సెట్టిగారింటి కోడలు శేషారత్నం ఇంటి వెండి ఉగ్గుగిన్నెను కొంగుచాటున తీసుకెళ్ళి అగసాలి నాగలింగాచారికి ఇచ్చింది.

మర్నాడు ఆమె కొడుక్కి అన్నప్రాశన. గిన్నె చూస్తే అయిదు తరాల నాటిది. ముక్కంతా గాట్లు, ఒళ్ళంతా సొట్టలు. పుట్టింటివాళ్ళ ముందు పెట్టడానికి చిన్నతనమనిపించింది.

"దీన్ని కరిగించి కొత్తది చేసిపెట్టు ఆచారీ."

"అలాగేనమ్మా. పన్నెండింటికి కరిగించే మూసలో వేస్తాను."

ఇంటికొచ్చేసరికి అత్తగారు కన్యకమ్మ మనవడికి చెబుతోంది. "నీ గిన్నె ముక్కు మీద గాట్లున్నాయి చూశావా నాయనా? అవి మీ తాత పాలపళ్ళు. వాళ్ళ నాన్నవీ, మీ నాన్నవీ కూడా."

ఆ గాట్లేమిటో శేషారత్నానికి అప్పుడే తెలిసింది. చెప్పేద్దామని వెళ్ళింది, అత్తగారు పూజలో కూర్చుంది. మళ్ళీ వెళ్ళింది, నైవేద్యం వండుతోంది, తిరిగి వచ్చేసింది. పదకొండున్నర అయింది. మూడోసారి అత్తగారే పిలిచింది.

"గిన్నె తే అమ్మాయ్, విభూతితో తోముదాం."

"గిన్నె లేదత్తయ్యా. కరిగించమని నేనే ఇచ్చాను. పన్నెండింటికి మూసలో వేస్తాడు."

కన్యకమ్మ గుమ్మం వైపు నడిచింది. "తిట్లు తర్వాత. ముందు నడు."

దారిలో మాత్రం ఊరుకోలేదు. "ఆచారి ఇంటికి తెలిసిన దారి, నా దగ్గరికి తెలియలేదా?"

అల్లంత దూరాన ఆచారి కొలిమి పొగ కనిపించింది. శేషారత్నం పరుగందుకుంది.

లోపల నిప్పు ఎర్రగా ఉంది. పక్కన మూస ఖాళీగా ఉంది. ఆచారి అరచేతిలో గిన్నె ఉంది.

"మూడుసార్లు మూస దాకా తెచ్చానమ్మగారూ, చెయ్యి రాలేదు. ఈ వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా మీ ఇంటి నుంచి ఇదే వచ్చేది. ఈ వంకర గాటు నాదేనని మా అమ్మ ఎగతాళి చేసేది. పన్నెండు కొడితే మాత్రం ఒప్పుకున్న పని మానలేను."

"పొద్దున్నే అత్తయ్యకి కబురు చెయ్యకపోయావా?" అంది శేషారత్నం, కళ్ళు తుడుచుకుంటూ.

"కోడలి మాట అత్తగారికి చేరవెయ్యడం మా వృత్తి కాదు తల్లీ."

కన్యకమ్మ నవ్వేసి గిన్నె అందుకుంది.

మర్నాడు పొద్దున శేషారత్నమే గిన్నెను విభూతితో తోమింది. పిల్లవాడు పరమాన్నం తిని, ఉన్న ఒక్క పంటితో గిన్నె ముక్కు కొరికాడు. పుట్టింటివాళ్ళకి ఆ గాట్లన్నీ ఎవరెవరివో ఆమే చూపించింది. తరువాత ఖాళీగా పంపకూడదని గిన్నె నిండా పరమాన్నం పోసి, పురిటికొచ్చిన ఆచారి కూతురికి, పుట్టబోయే బిడ్డ కోసమని స్వయంగా ఇచ్చి వచ్చింది.

చేసిన తప్పును వేళ మించక ముందే ఒప్పుకున్నవారికి, పోయిందనుకున్నది కూడా దక్కుతుంది.