షరాబు గంటు

తకియాకి మౌలాలి వచ్చిన నాటి నుంచి కమాల్‌కి తిన్న రొట్టె ఒంటికి పట్టడం లేదు.

తుంగభద్ర ఒడ్డున దస్తగిరి బాబా ఉండే చోటుని జనం తకియా అనేవారు. నాలుగు మట్టిగోడలు, ఒక బావి, ఎప్పుడూ ఆరని పొయ్యి. ఎవరొచ్చినా బాబా ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగేవారు కాదు, తిన్నావా అని అడిగేవారు. ఆయన అడగని ప్రశ్నలన్నీ ఆయన శిష్యుడు కమాల్ అడిగేవాడు.

కమాల్ ఒకప్పుడు ఆదోని బజారులో షరాబు. నాణెం చూసి మంచిదో దొంగదో చెప్పడం అతని వృత్తి. చేతికొచ్చిన రూపాయిని రాతి మీద వేసి మోత వినేవాడు, వాసన చూసేవాడు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే సన్న ఉలితో ఒక గంటు పెట్టేవాడు. లోపల కూడా వెండే అయితే తీసుకునేవాడు. ఆ రోజుల్లో షరాబులందరిదీ అదే పద్ధతి. ఒకడు పెట్టిన గంటుని ఇంకొకడు నమ్మడు కాబట్టి, నాలుగు ఊళ్లు తిరిగిన రూపాయికి ఒంటినిండా గాట్లే ఉండేవి.

బాబా దగ్గరికి వచ్చేటప్పుడు కమాల్ దుకాణంతో సహా అన్నీ వదిలేశాడు, ఒక్క తోలుసంచి తప్ప. అందులో బజారు మొహం చూడని నాణేలు ఉండేవి. నవాబులు గద్దెనెక్కిన రోజున దర్బారులో పంచడానికి కొట్టించినవి. ఒక్క గంటు లేకుండా, మీదున్న నవాబు పేరులో ఒక్క అక్షరం అరగకుండా ఉండేవి. వాటిని చూసుకుంటే కమాల్‌కి కడుపు నిండేది. ఒక్కటే లోటు. గద్దెనెక్కి ఏడాది తిరక్కుండానే పోయిన చిన్న నవాబు నాణెం అతనికి దొరకలేదు. దానికోసం తిరగని ఊరు లేదు, కాళ్లావేళ్లా పడని షావుకారు లేడు. ఈ సంచి సంగతి బాబాకి తెలుసు. ఎప్పుడూ ఏమీ అనలేదు.

అలాంటి చోటికి మౌలాలి వచ్చాడు. నడివయసు మనిషి, చంకలో చిన్న మూట. ఇంటివాళ్లంతా కలరాలో పోయారనీ, వెళ్లడానికి ఇంకో చోటు లేదనీ మాత్రం చెప్పాడు. ఇక్కడే ఉండిపోతానంటే బాబా సరేనన్నారు. వంటా, నీళ్లూ అతనే చూసుకునేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఎక్కువ మాట్లాడనివాడంటే కమాల్‌కి మొదటి నుంచీ అనుమానం. ఎక్కువ మాట్లాడేవాడన్నా అనుమానమే, అది వేరే సంగతి.

"వాడు మంచోడు కాదు బాబా" అన్నాడు కమాల్.

"ఏం చేసినాడు?"

"ఇంకా ఏం చెయ్యలేదు. అదే నా అనుమానం."

బాబా నవ్వి ఊరుకున్నారు.

కమాల్ బావి దగ్గర ఒక రూపాయి పడేసి గోడ చాటున కూర్చున్నాడు. మౌలాలి దాన్ని తెచ్చి బాబా చాప మీద పెట్టాడు. చిల్లరకి ఆశపడే రకం కాదన్నమాట, పెద్దదానికే గాలం వేశాడనుకున్నాడు కమాల్. ఈసారి తోలుసంచి మూతి విప్పి గూట్లో వదిలేశాడు. మౌలాలి దాని మూతి బిగించి కట్టి తెచ్చి ఇచ్చాడు. "తోలు కదా భాయ్, ఎలుకలు కొరుకుతాయి" అన్నాడు. నేను కాపు కాస్తున్నట్టు పసిగట్టాడు, గట్టిపిండమే అనుకున్నాడు కమాల్.

ఒకరోజు మౌలాలి సంతకి పోతుంటే వెంటపడ్డాడు. దారిలో మౌలాలి ఒక గుడ్డి ముసలమ్మ చేతిలో ఏదో పెట్టి వెళ్లిపోయాడు. కమాల్ పరుగున పోయి ఆమె గుప్పిట విప్పించి చూశాడు. సగం రొట్టె. ఎవడ్రా నా నోటికాడ కూడు లాక్కునేదని ఆమె తిట్టిన తిట్లు సంత దాకా వినిపించాయి. అప్పటికీ మనవాడికి సిగ్గు రాలేదు. పాపం మౌలాలికి, ఏ తప్పూ దొరక్కపోవడమే పెద్ద తప్పయి కూర్చుంది.

గురువారం బాబా దర్శనానికి జనం నిండుగా వచ్చారు. కమాల్ ఇక ఆగలేకపోయాడు. అందరి ముందూ మౌలాలి మూట లాగి నేల మీద కుమ్మరించాడు. ఒక చొక్కా. తుప్పు పట్టిన కత్తెర. ఆడమనిషి గాజు. చిన్నపిల్ల తొడుక్కునే చెప్పు, అదీ ఒకటే.

మౌలాలి వంగి, ఆ చెప్పుకి అంటిన మట్టి దులిపి, అన్నీ మళ్లీ మూట కట్టుకున్నాడు.

"సరేలే, ఇప్పుడు నీ మీద నాకు అనుమానం లేదు. పోయి పొయ్యి చూసుకో" అన్నాడు కమాల్, పెద్ద వరం ఇచ్చినట్టు.

మర్నాడు పొద్దున బాబా కమాల్‌ని పిలిచి అరచేతిలో ఒక నాణెం పెట్టారు.

"ఇది మంచిదేనా, చూడు నాయనా."

కమాల్ దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. చిన్న నవాబు నాణెం! ఒక్క గీత లేదు, నిన్న కొట్టినట్టుంది. ఆ సంతోషం రెప్పపాటు కూడా నిలవలేదు. ఇన్నాళ్లు ఊరూరా వెతికినా దొరకనిది ఈ మట్టిగోడల మధ్యకి నడిచి వస్తుందా?

"మీకెవరిచ్చినారు బాబా?"

"ఒకరు ఇచ్చినారులే. నువ్వు చూసి చెప్పు."

రాతి మీద వేశాడు. మోత బాగుంది. వాసన చూశాడు. తిప్పి తిప్పి అక్షరాలు చూశాడు. ఎక్కడా వంక లేదు. వంక లేకపోవడమే అతనికి నచ్చలేదు.

"లోపల సీసం పోసి పైన వెండి తొడిగేవాళ్లుండారు బాబా. నమ్మేదానికి లేదు."

"మరి ఎట్ల తెలుస్తుంది?"

"గంటు పెడితే తెలుస్తుంది."

"నీ పద్ధతి నీది" అన్నారు బాబా.

కమాల్ ఉలి తెచ్చాడు. నాణేన్ని రాతి మీద ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. గంటులోకి కళ్లు చికిలించి చూశాడు. పైన ఎంత తెల్లగా ఉందో లోపలా అంతే తెల్లగా ఉంది.

"అసలుదే బాబా! అసలుదే!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు.

తర్వాత నాణేన్ని వెలుగులోకి తిప్పాడు. నవాబు పేరు నడిమికి తెగి ఉంది.

"అనుమానం తీరిందా?" అని అడిగారు బాబా.

"తీరింది" అన్నాడు కమాల్, తెగిన పేరు మీంచి కళ్లు తిప్పకుండా.

"అయితే ఉంచుకో. నీకే ఇమ్మన్నాడు."

"ఎవరు?"

"మౌలాలి. వాళ్ల నాయన చిన్న నవాబు దగ్గర నగారా కొట్టేవాడంట, దర్బారులో పంచినప్పుడు ఇది దొరికిందంట. ఆకలితో ఉన్నప్పుడు కూడా మౌలాలి దాన్ని అమ్ముకోలేదు. వచ్చిన రోజే దాచమని నా చేతికిచ్చినాడు. ఇందాక తకియా విడిచి పోతా పోతా, కమాల్ భాయికి ఇట్లాంటివంటే ప్రాణం, ఆయనకిచ్చేయండి అన్నాడు."

కమాల్ ఉలి అక్కడే పడేసి, చెప్పులైనా వేసుకోకుండా ఏటివైపు పరుగెత్తాడు. మౌలాలి ఏరు దాటడానికి పుట్టి ఎక్కబోతున్నాడు. కమాల్ అతని కాళ్లు రెండూ పట్టుకుని ఏడ్చాడు. పుట్టి నడిపేవాడు తెడ్డు ఆపి చూస్తూ ఉండిపోయాడు.

"లెయ్ భాయ్, నాకేం కోపం లేదు" అన్నాడు మౌలాలి.

నిజంగానే అతనికి కోపం లేదు. పిలవగానే వెనక్కి వచ్చాడు. దారి పొడుగునా కమాలే మాట్లాడాడు. ఇకమీదట వంట తను చేస్తానన్నాడు, నీళ్లు తను మోస్తానన్నాడు. మౌలాలి తల ఊపుతూ నడిచాడు.

తకియా గుమ్మం దగ్గరికి వచ్చాక మౌలాలి ఆగాడు. మూట విప్పమని ఎవరూ అడగలేదు. చంకలో మూట దించి, ముడి విప్పి, చొక్కా, కత్తెర, గాజు, చెప్పు ఒక్కొక్కటే కమాల్ ముందు నేల మీద పరిచాడు. పరిచి, చూసుకొమ్మన్నట్టు పక్కకి జరిగి నిలబడ్డాడు.

కమాల్ గుమ్మంలో నిలబడ్డ బాబా వైపు చూశాడు.

కమాల్ నేల మీద కూలబడి, ఆ చిన్న చెప్పుని చేతిలోకి తీసుకుని, భుజం మీది గుడ్డతో మట్టి తుడవడం మొదలుపెట్టాడు.