మసి పూయని కావ్యం

రంగభూపతి మహారాజుకి ఓ ఉదయం నాట్యశాల కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. కోటలో ఖాళీ గది వెతుకుతుంటే ఏలినవారి కన్ను సరస్వతీ భాండాగారం మీద పడింది. అందులో మనుషులెవరూ లేరు మరి, ఉన్నవి ఆరువేల తాళపత్ర గ్రంథాలే!

"రాజ్యంలో అందరికంటే గొప్ప పుస్తకప్రియుడెవరో తేల్చి, ఈ గ్రంథాలన్నీ వాడింటికి తోలించేస్తాను," అని సభలో ప్రకటించాడు.

"ఇంకెవరు మహాప్రభూ, నేనే!" అంటూ లేచాడు సామంతుడు వల్లభరాజు.

భాండారి కొమ్మన గబగబా ముందుకొచ్చాడు. ముప్పయ్యేళ్లుగా ఆ గ్రంథాలకు నూనె రాసి, పురుగు పట్టకుండా కాపాడుతున్నది అతనే.

"నేనూ ఉన్నాను ప్రభూ," అన్నాడు.

రాజు పరివారంతో ముందు కొమ్మన ఇంటికి వెళ్లాడు. పొయ్యి మీది అటక నిండా పాత పంచెల్లో చుట్టిన కట్టలు. పొగ తగిలితే పురుగు చేరదని కొమ్మన చెప్పబోయేలోగా రాజుగారు ఏడుసార్లు తుమ్మి బయటపడ్డారు.

వల్లభరాజు మేడలో చందనపు అరలు, పట్టు మూటలు. ఒక గోడకు ఎరుపు, ఇంకో గోడకు పసుపు. రాసింది ఎవరైనా, విషయం ఏదైనా, పట్టు రంగును బట్టే చోటు. మూలశంక వైద్యం పక్కన శృంగారకావ్యం, రెండూ చిలకపచ్చ కాబట్టి.

"అన్నీ ఒకే కొలతలో ఎలా ఉన్నాయయ్యా?" రాజు ముచ్చటపడ్డాడు.

"పొడుగ్గా ఉన్నవాటిని రంపంతో కోయించాను ప్రభూ. పంక్తికి నాలుగక్షరాలు పోతే పోయాయి, అర అందం చెడకూడదు కదా!"

రేపు తన ఆరువేల గ్రంథాలకూ ఇదే గతి అనుకున్నాడు కొమ్మన. రాజు మాత్రం మెచ్చుకోలుగా తల ఊపుతున్నాడు.

"ఒక్క మనవి ప్రభూ," అని కొమ్మన అడ్డుపడ్డాడు. "మూడేళ్ల కిందట పుట్టినరోజుకు తమరు రచించిన కావ్యాన్ని నూట ఎనిమిది మందికి పంచారు. వల్లభరాజుగారు అది చదివారా?"

"ఎంత మాట! రోజూ నాలుగు పద్యాలు చదవందే భోజనానికి కూర్చోను," అన్నాడు వల్లభరాజు.

"అయితే ఒక్క పద్యం వినిపించండి."

తన కావ్యం అనేసరికి రాజు ముఖం వెలిగిపోయింది. వల్లభరాజు బంగారు పట్టు మూట దించాడు. ముడి విప్పడానికే చెమటలు పట్టాయి. ఆకు తీసి ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టాడు, కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు.

"ఆహా! ఏమి శైలి!"

"శైలి సరే, చదవవయ్యా!" అంటూ రాజే ఆకు లాక్కున్నాడు. తెల్లబోయాడు. "నా కావ్యం ఏదీ?"

కొమ్మన దీపపు సెమ్మె మీది మసిని వేలితో తీసి, చుక్క నూనెతో ఆకంతా పూసి, గుడ్డతో తుడిచాడు. నల్లటి అక్షరాలు బారులు తీరాయి.

"ఘంటంతో గీసిన ఆకుకి మసి పూస్తే తప్ప అక్షరం కనబడదు ప్రభూ. పుట్టినరోజు తొందరలో లేఖకులు పూయకుండానే అన్నీ పంచేశారు. మసి లేదేమని మూడేళ్లలో ఒక్కరూ అడగలేదు."

వల్లభరాజు నేల చూపులు చూశాడు. పరివారంలో మరికొందరు కూడా చూశారు.

"మరి నీ ప్రతి?" అన్నాడు రాజు.

"ఆ రోజే మసి పూసుకుని, ఆఖరి ఆకు దాకా చదివాను."

"ఎలా ఉంది?"

బాగుందంటే అబద్ధం, బాగాలేదంటే తల ఉండదు. కొమ్మన చేతులు జోడించాడు.

"బాగుందన్నవాళ్లు నూట ఏడుగురు, చదివినవాణ్ణి నేనొక్కణ్ణి. పదిమంది మాటే నమ్మండి ప్రభూ!"

రాజు మీసం ఒక్క క్షణం వణికింది. అంతలోనే పగలబడి నవ్వాడు. నవ్వచ్చని తెలిశాక పరివారమూ నవ్వింది.

"భాండాగారం ఉన్నచోటే ఉంటుంది," అంటూ రాజు తన కంకణం తీసి కొమ్మన చేతికి తొడిగాడు. "ఈ మేడలోని గ్రంథాలు కూడా ఇవాళే అక్కడికి చేర్చండి. వల్లభరాజుకు ఖాళీ మూటలు చాలు!"